పీపాలో ఏల్, పబ్బులో మర్యాద: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఇంగ్లండ్ పబ్బుల గురించి పోయిన సంచికలో నేను రాసిన నాలుగు మాటలకి చాలా ఉత్తరాలు వచ్చాయి. షెఫీల్డ్‌లో ఓ పబ్బులో కొన్నేళ్లు పీపాల గది చూసుకున్నవాణ్ని. ఇప్పుడు విశాఖలో హోటల్ మేనేజ్‌మెంట్ పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. నాకు ప్రాణమైన విషయం కాబట్టి ఈ నెల పేజీ మొత్తం ఏల్ అనే ఇంగ్లీషు బీరుకే ఇచ్చేశాను. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు. అందుకే ఎవరివీ వేయలేదు, ఊళ్లు మాత్రమే వేశాను.

ప్రశ్న: మా అబ్బాయి లీడ్స్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. అక్కడి బీరు గోరువెచ్చగా, గ్యాస్ లేకుండా ఉంటుందట. జనం దాన్నే ఇష్టంగా తాగుతారట. నేను స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యాను. డ్యూటీ దిగాక మాకైతే ఐసులో పెట్టిన బీరే కావాలి. వాళ్లు అదెలా తాగుతారండీ? (గాజువాక)

మీవాడు తాగింది పీపా ఏల్ అయి ఉంటుంది. గోరువెచ్చగా అనిపించినా అది వెచ్చనిది కాదండీ. మంచి పబ్బులో 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంచుతారు. మన ఫ్రిజ్‌లోంచి తీసే సీసా 4, 5 డిగ్రీలుంటుంది. ఆ అలవాటుతో నోట్లో పోసుకుంటే వెచ్చగానే తోస్తుంది. మరీ చల్లగా ఉన్నదాని రుచి నాలుకకి అందదు. ఏల్‌లో కాల్చిన బిస్కెట్ వాసన, పళ్ల వాసన, హాప్స్ అనే పూల చేదు ఉంటాయి. ఐసులో పెడితే అవన్నీ అణిగిపోతాయి.

మనకి ఇక్కడ దొరికే బీరు, కింగ్‌ఫిషర్ లాంటిది, లాగర్. అది చల్లటి చోట నెమ్మదిగా పులుస్తుంది. ఏల్‌ని కాస్త వెచ్చటి చోట, సుమారు 15 నుంచి 24 డిగ్రీల మధ్య, వేరే జాతి ఈస్ట్‌తో పులియబెడతారు. అది త్వరగా పులుస్తుంది. పళ్ల వాసనలు వచ్చేది అక్కడే.

అసలు సంగతి పీపాలో ఉంది. బ్రూవరీ నుంచి పబ్బుకి వచ్చేనాటికి ఏల్ పూర్తిగా తయారై ఉండదు. ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది, పీపాలో పడ్డాక కూడా పులుస్తూనే ఉంటుంది. దాన్ని తాగడానికి సిద్ధం చేసేది పీపాల గదిలో పనిచేసే మనిషి. మా పబ్బుకి ఎక్కువగా ఫిర్కిన్లు వచ్చేవి. ఫిర్కిన్ అంటే 9 గ్యాలన్ల పీపా, 72 పైంట్లు (పైంట్ అంటే అర లీటరు పైచిలుకు). దాన్ని నేలమాళిగలో అడ్డంగా పడుకోబెట్టి, కదలకుండా కొయ్య చీలికలు దోపుతాం. పైన షైవ్ అనే బిరడా ఉంటుంది. దాని నడిమి గుంటలో సుత్తితో కొట్టి, స్పైల్ అనే చిన్న మెత్తటి కొయ్యమేకు దిగ్గొడతాం. కొయ్య మెత్తనిది కాబట్టి లోపలి గ్యాస్ దాంట్లోంచి బయటికొస్తుంది. నురగ బుసబుసా పొంగి పీపా పొట్ట మీదుగా కారుతుంది. గుడ్డతో తుడిచి, కళ్లార్పకుండా చూస్తాను. తుడవగానే మళ్లీ బుడగ కట్టిందంటే లోపల ఇంకా జోరుగా పులుస్తోందని అర్థం. బుడగ నెమ్మదిగా కట్టడం మొదలెట్టాక మెత్తటి మేకు తీసి గట్టి కొయ్యమేకు కొడతాం. మిగిలిన గ్యాస్ లోపలే ఉండి ఏల్‌కి ఆ కాస్త జీవం ఇస్తుంది. బయటినుంచి గ్యాస్ ఎక్కించరు. మీవాడికి గ్యాస్ లేదనిపించింది అందుకే.

తర్వాత ముందువైపున్న బిరడాలోకి కొయ్యసుత్తి దెబ్బతో కుళాయి దించుతాం. ఒక్క దెబ్బకి దిగాలి. తడబడితే ఏల్ మొహం మీదికి చిమ్ముతుంది. మడ్డి అడుక్కి చేరి, ఏల్ తేరుకోవడానికి ఒకట్రెండు రోజులు కదపకుండా వదిలేస్తాం. గ్లాసులో పట్టి దీపానికెదురుగా పెడితే అవతల వేళ్లు స్పష్టంగా కనపడాలి. అప్పుడే పైన బార్‌లో ఉన్న పంపుకి వెళ్లే గొట్టం, అంటే లైను, కలుపుతాం.

ఒకసారి మొదలుపెట్టాక మూడు రోజుల్లో పీపా ఖాళీ అయిపోవాలి. ఏల్ బయటికి పోయినకొద్దీ లోపలికి గాలి వెళుతుంది, పులుపెక్కుతుంది. మన తాటికల్లు పొద్దున ఒకలా, సాయంత్రానికి ఇంకోలా ఉంటుంది కదా, ఇదీ అంతే. కాకపోతే కాస్త నిదానం. అందుకే నిన్న తాగిన ఏల్, ఇవాళ తాగిన ఏల్ అచ్చం ఒకలా ఉండవు. మొదటి రోజు కొంచెం పదునుగా ఉంటుంది, రెండో రోజు కుదురుకుంటుంది. నాకు రెండో రోజుదే ఇష్టం.

పొద్దున్నే పంపు లాగి, రాత్రంతా గొట్టంలో నిలవున్న ఏల్ పారబోయాలి. లైన్లు వారంవారం కడగాలి. ఇవి చేయని పబ్బులో ఎంత గొప్ప బ్రూవరీ సరుకైనా పాడే. 1960ల్లో పెద్ద కంపెనీలు ఈ శ్రమంతా దేనికని, ఈస్ట్ వడగట్టేసి, గ్యాస్ ఎక్కించిన కెగ్ బీరునే ఊరూరా పంపడం మొదలెట్టాయి. అది నచ్చని నలుగురు స్నేహితులు 1971లో క్యామ్రా అనే ఉద్యమం పెట్టారు. పీపా ఏల్ ఇవాళ బతికుందంటే అందులో వాళ్ల చలవ చాలా ఉంది.

షెఫీల్డ్ కూడా మీలాంటి స్టీలువాళ్ల ఊరేనండీ. కొలిమి దగ్గర చెమటోడ్చి వచ్చినవాళ్లు తాగింది కూడా ఈ ఏలే. కాకపోతే బిట్టర్, మైల్డ్ అనే తేలికపాటి రకాలు. అక్కడ పంపు మూతికి స్పార్క్లర్ అని చిల్లుల బిళ్ల ఒకటి తగిలిస్తారు. దాంతో పైన వెన్నలా మందంగా నురగ కడుతుంది. లండన్‌వాళ్లు అది వద్దంటారు. షెఫీల్డ్ ఉన్న యార్క్‌షైర్‌లో అది లేకుండా పోస్తే గ్లాసు వెనక్కి వస్తుంది.

ప్రశ్న: సెప్టెంబర్‌లో షెఫీల్డ్ యూనివర్సిటీలో చేరుతున్నాను సార్. క్లాసువాళ్లంతా పబ్బుకి వెళ్తారని సీనియర్లు చెప్పారు. నేను తాగను. అక్కడ ఎలా మసలుకోవాలో తెలీక టెన్షన్‌గా ఉంది. మనవాళ్లని సరిగ్గా చూస్తారా? (మధురవాడ)

టెన్షన్ పడాల్సిందేమీ లేదు బాబూ, తప్పకుండా వెళ్లు. పబ్బంటే మన సినిమాల్లో చూపించే చీకటి, లైట్లు, డీజే మనసులోంచి తీసేయి. అక్కడ అది పేటకి ఉమ్మడి వసారా లాంటిది. ముసలాయన ఓ మూల డామినోలు ఆడుకుంటాడు, ఇంకొకరు కుక్కని కాళ్ల దగ్గర పడుకోబెట్టుకుని పేపరు చదువుకుంటారు. ఆదివారం మధ్యాహ్నం పిల్లాపాపలతో భోజనానికి వస్తారు.

చాలా పబ్బుల్లో బల్ల దగ్గరికి వచ్చి ఆర్డర్ తీసుకోరు. నువ్వే బార్ దగ్గరికి వెళ్లి, చెప్పి, అక్కడే డబ్బు కట్టి, గ్లాసులు తెచ్చుకోవాలి. క్యూ కనపడదు గానీ ఉంటుంది. ఎవరి తర్వాత ఎవరో నిలబడ్డవాళ్లందరికీ తెలుసు, బార్‌లో ఉన్న మనిషికీ తెలుసు. నోటు ఊపడం, చిటికెలేయడం, ‘బాస్’ అని పిలవడం చాలా మొరటు. నీకంటే ముందొచ్చినవాళ్లని వదిలేసి నిన్ను అడిగితే, ‘ముందు వాళ్లొచ్చారండి’ అని చెప్పు. ఆ ఒక్క మాటతో నీకక్కడ గౌరవం వస్తుంది. నేను బార్‌లో ఉన్నప్పుడు అలా చెప్పినవాళ్ల మొహం గుర్తుపెట్టుకునేవాణ్ని.

ఇక రౌండ్లు. నలుగురు కలిసి వెళితే ఎవరి డబ్బు వాళ్లు కట్టరు. ఒకరు లేచి నలుగురికీ తెస్తారు. గ్లాసులు ఖాళీ అయ్యేసరికి ఇంకొకరు లేస్తారు. నువ్వు తాగేది నిమ్మరసం సోడా అయినా రౌండ్లో ఉండొచ్చు, నీ వంతు వచ్చినప్పుడు లేచి తేవడమే ముఖ్యం. మిగతావాళ్లు పైంట్లు తాగుతుంటే నీ సోడా చవకే కదా అని వాళ్లే ఒక్కోసారి నిన్ను మినహాయిస్తారు. అయినా ఒకసారి లేచి అడుగు. తొందరగా వెళ్లాలనుకుంటే మొదట్లోనే ‘నేనొక్కటే తాగి వెళ్లిపోతా, నాది నేను తెచ్చుకుంటా’ అని చెప్పెయ్. అందులో తప్పేం లేదు. రెండు రౌండ్లు వేరేవాళ్ల డబ్బుతో తాగి, తన వంతు రాగానే బస్సు టైమైందనేవాణ్ని మాత్రం ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది. ఈ అలవాటు ఎంత బలమైనదంటే, మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయుధ కర్మాగారాల పనివాళ్లు మరీ ఎక్కువ తాగేస్తున్నారని, 1915లో ప్రభుత్వం ఆ ప్రాంతాల్లో ఒకరు ఇంకొకరికి కొనివ్వడాన్నే నిషేధించింది. యుద్ధం అయిపోయింది, నిషేధం పోయింది, రౌండ్లు మాత్రం అలాగే ఉన్నాయి.

పూర్తి పైంట్ 568 మిల్లీలీటర్లు. అర పైంట్ అడిగితే ఎవరూ నవ్వరు. పీపా ఏల్ ఏది కావాలో తేల్చుకోలేకపోతే చాలాచోట్ల కొంచెం రుచి చూడనిస్తారు. టిప్పు బల్ల మీద వదలరు. మనసుకి నచ్చేలా చూసుకున్నారనిపిస్తే, డబ్బు కట్టేటప్పుడు ‘మీరూ ఒకటి తీసుకోండి’ అనాలి. వాళ్లు ఓ గ్లాసు ఖరీదు కలుపుకుని, థాంక్స్ చెబుతారు. పాస్‌పోర్టో, వయసు చూపే కార్డో జేబులో ఉంచుకో. చట్టప్రకారం 18 నిండితే చాలు గానీ, 25 లోపు కనపడేవాళ్లని చాలాచోట్ల అడుగుతారు.

రాత్రి గంట మోగుతుంది. మొదటిసారి మోగితే, కావాల్సింది ఇప్పుడే చెప్పండని. రెండోసారి మోగితే ఇక పోయరు, చేతిలో ఉన్నది తాగి బయల్దేరాలి. పాత రోజుల్లో పదకొండుకే అన్నీ కట్టేసేవారు. 2005 నవంబర్‌లో కొత్త చట్టం అమల్లోకొచ్చాక ఒక్కో పబ్బుకి ఒక్కో వేళ. గంట కొట్టడం మాత్రం మానలేదు.

మనవాళ్ల సంగతి అడిగావు. 1960ల్లో బర్మింగ్‌హామ్ దగ్గర స్మెథ్విక్ లాంటి ఊళ్లలో, ఇనుప ఫౌండ్రీల్లో పనిచేసే పంజాబీలని కొన్ని పబ్బుల్లో లోపలి గదిలోకి రానిచ్చేవారు కాదు. భారతీయ కార్మిక సంఘంవాళ్లు దానిమీద పోరాడారు. 1965లో వచ్చిన చట్టం పబ్బుల్లో జాతివివక్షని తప్పుగా ప్రకటించింది. తర్వాత అలాంటి పబ్బులనే కొన్నిటిని పంజాబీలు తీసుకుని నడిపారు. ఇవాళ వాటిని దేశీ పబ్బులంటారు. పొగలు కక్కే పెనం మీద తందూరీ చికెన్, సీఖ్ కబాబ్ వస్తాయి, పక్కన పంపు లాగి ఏల్ పోస్తారు. తెల్లవాళ్లూ మనవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. వీలైతే ఒక శనివారం రైలెక్కి వెళ్లి చూసిరా. ఆ కూర్చోవడం కోసం మన ముందుతరం ఎంత నిలబడిందో తెలిసి వెళ్లు.

ప్రశ్న: మేం శాకాహారులం. బీరులో చేప కలుపుతారని మా కోడలు చెప్పింది. నిజమేనా? (సీతమ్మధార)

పీపా ఏల్ విషయంలో చాలావరకు నిజమేనమ్మా. మడ్డి త్వరగా అడుక్కి దిగడానికి ఐసింగ్లాస్ అని ఒకటి వేస్తారు. చేప కడుపులో ఉండే గాలితిత్తిని ఎండబెట్టి చేసేది. అది ఈస్ట్‌ని పట్టుకుని అడుక్కి చేరుతుంది. గ్లాసులోకి రావడం తక్కువే అయినా, నియమం ఉన్నవాళ్లకి ఆ మాట సరిపోదు. ఇప్పుడు చాలామంది బ్రూవర్లు అది వాడకుండానే చేస్తున్నారు. అలాంటి ఏల్ కొంచెం మసగ్గా ఉంటుంది, రుచికేం లోటు లేదు. పంపు మీద వేగన్ (జంతువుల నుంచి వచ్చేదేదీ వాడనిది) అని రాసి ఉందేమో చూడమనండి, లేకపోతే అడగమనండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ప్రశ్న: మా తాతగారు హార్బర్ కట్టే రోజుల్లో దొరల దగ్గర పనిచేశారు. ఆయన దాచిన పాత సీసా మీద ఎర్ర త్రికోణం ఉంది. ఇండియా పేల్ ఏల్ అంటే మన దేశంలో తయారైందా? (వన్ టౌన్)

ఎర్ర త్రికోణం బాస్ అనే ఇంగ్లండ్ బీరు కంపెనీ గుర్తండీ. బ్రిటన్‌లో రిజిస్టరైన మొట్టమొదటి ట్రేడ్‌మార్క్ అదే, 1876 జనవరి 1న. మన హార్బర్ 1933లో మొదలైంది కాబట్టి, మీ తాతగారి రోజుల్లో ఆ సీసాలు ఇక్కడికి రావడంలో వింతేం లేదు. భద్రంగా ఉంచండి, కాగితం లేబుల్ ఉంటే తడి తగలనివ్వకండి.

ఇండియా పేల్ ఏల్ తయారైంది ఇంగ్లండ్‌లోనే, తాగింది ఇక్కడ. తూర్పు లండన్‌లో బో అనే చోట హాడ్జ్‌సన్ అనే ఆయన బ్రూవరీ ఉండేది. ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగే రేవు దానికి దగ్గర. ఓడ కెప్టెన్లు సొంత వ్యాపారానికి అతని ఏల్ అరువు మీద ఎక్కించుకుని మద్రాసు, కలకత్తా, బొంబాయిలకి తెచ్చేవారు. కేప్ ఆఫ్ గుడ్ హోప్ చుట్టూ తిరిగి నెలల తరబడి ప్రయాణం. హాప్స్ ఎక్కువ వేసిన గట్టి ఏల్ ఆ దూరాన్ని తట్టుకుని, దారిలోనే మగ్గి ఇంకా బాగా తయారయ్యేది. భారతదేశం కోసం అతనే కనిపెట్టాడని చెప్పే కథ మాత్రం నమ్మకండి. అలాంటి లేతరంగు ఏల్ ఇంగ్లండ్‌లో అప్పటికే ఉంది. మామూలు తెల్ల సైనికులకైతే నల్లటి పోర్టర్ బీరు కూడా ఓడల్లో బాగానే వచ్చేది.

1820ల్లో ఇంగ్లండ్‌లోనే బర్టన్ అనే ఊరి బ్రూవర్లు ఈ వ్యాపారంలోకి దిగి హాడ్జ్‌సన్‌ని వెనక్కి నెట్టేశారు. వాళ్ల బలమంతా బావి నీళ్లలో ఉంది. బర్టన్ నేల కింద జిప్సం పొర ఉంది. ఆ నీళ్లతో చేసిన ఏల్ తేటగా, హాప్స్ చేదు పదునుగా వస్తుంది. ఇవాళ వేరే ఊళ్లవాళ్లు ఆ ఏల్ చేయాలంటే తమ నీళ్లలో జిప్సం కలుపుకుంటారు.

ప్రశ్న: పబ్బులు మగవాళ్లవేగా? మీరు రాసినదాంట్లో ఆడవాళ్లే కనపడలేదు. (లాసన్స్ బే కాలనీ)

మీరు అడగడం చాలా మంచిదైందమ్మా, ఎందుకంటే ఏల్ మొదట ఆడవాళ్ల చేతిపనే. హాప్స్ రాకముందు ఏల్ కొద్దిరోజులకే పాడయ్యేది. అందుకని ఇళ్లలో ఆడవాళ్లు తరచూ కాచేవారు. ఇంటికి పోగా మిగిలింది అమ్మేవారు. ఏల్ సిద్ధమైందని చెప్పడానికి గుమ్మం మీద కర్రకి కొమ్మలు కట్టి బయటికి పెట్టేవారు. 13వ శతాబ్దం నాటికే ధర, నాణ్యతల మీద చట్టం ఉండేది. రుచి చూసి తేల్చడానికి ఏల్ కానర్ అనే ఊరి అధికారి వచ్చేవాడు. 15వ శతాబ్దంలో ఫ్లాండర్స్ నుంచి హాప్స్ వాడకం వచ్చింది. దాంతో సరుకు నిలవ ఉండసాగింది, దూరం పంపొచ్చు. అంటే పెట్టుబడి కావాలి, పెద్ద పాత్రలు కావాలి. అవన్నీ మగవాళ్ల చేతుల్లో ఉన్నాయి, పనీ అటే పోయింది. నాకు ఇది తల్చుకున్నప్పుడల్లా బాధేస్తుంది.

ఇంకొకటి చెబుతాను. లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లో ఎల్ వీనో అనే వైన్ బార్‌లో ఆడవాళ్లని బార్ దగ్గర నిలబడి తాగనిచ్చేవారు కాదు, లోపల కూర్చోవాల్సిందే. ఇద్దరు మహిళలు కోర్టుకెళ్లి 1982లో గెలిచారు. మొన్నమొన్నటి మాట. ఇవాళ పబ్బులు నడిపేవాళ్లలో, ఏల్ కాచేవాళ్లలో ఆడవాళ్లు బాగా ఉన్నారు. పీపాకి కుళాయి దించడం నాకు నేర్పింది కూడా ఓ పెద్దావిడే. ఆవిడ సుత్తి ఎత్తితే ఒక్క చుక్క బయట పడేది కాదు.

ప్రశ్న: మా దగ్గర బెల్లానికి కొదవలేదు. బెల్లంతో ఇంట్లో ఏల్ చేయొచ్చా? (అనకాపల్లి)

చేయకండి. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం నేరం. బ్రిటన్‌లో అయితే 1963 నుంచి సొంతానికి ఇంట్లో కాచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. అక్కడి ముదురు రంగు ఏల్స్ కొన్నిట్లో చెరకు పాకం వేస్తారు. ఆ వాసన వస్తే నాకు అనకాపల్లి బెల్లం మార్కెట్టే గుర్తొచ్చేది.

ప్రశ్న: మా ఊళ్లో జీలుగుకల్లు తాగేముందు నాలుగు చుక్కలు నేలకి పోస్తారు మా పెద్దలు. ఇంగ్లీషువాళ్లకి అలాంటివి ఉన్నాయా? (పాడేరు)

ఉన్నాయి. మన సంక్రాంతి వెళ్లీ వెళ్లగానే, జనవరి 17న, సోమర్సెట్‌లో కార్‌హాంప్టన్ లాంటి ఊళ్లలో వాసేల్ చేస్తారు. 1752లో క్యాలెండర్‌ని మార్చినప్పుడు పదకొండు రోజులు తీసేసినా, పాత లెక్క ప్రకారమే పండగ చేసుకుంటున్నారు. చీకటిపడ్డాక అంతా ఆపిల్ తోటకి వెళ్లి, పెద్ద చెట్టు మొదట్లో సైడర్ పోస్తారు. అంటే ఆపిల్ రసం పులియబెట్టిన కల్లు. రొట్టెముక్కలు దాంట్లో ముంచి పిట్టల కోసం కొమ్మలకి గుచ్చుతారు. గిన్నెలు వాయిస్తారు, కొమ్మల మీదుగా తుపాకులు పేలుస్తారు. దుష్టశక్తులు పోయి, చెట్లు లేచి, బాగా కాయాలని. ఇళ్లలో ఈ పండక్కి వేడి ఏల్ కాచుకునే పాత ఆచారం ఉంది. ఏల్‌ని పొగలొచ్చేదాకా కాచి, చక్కెర, జాజికాయ పొడి వేసి, కాల్చిన ఆపిల్ గుజ్జు కలుపుతారు. పైన తెల్లగా నురగలా తేలుతుంది. గిన్నె చేతులు మారుతూ అందరి దగ్గరికీ వెళ్తుంది. మీ పెద్దలు నేలకి పోసేటప్పుడు ఏమంటారో నాకు రాసి పంపండి, ఈ పేజీలో వేస్తాను.

ప్రశ్న: తేలికది కదా, రోజుకో ఏల్ ఆరోగ్యానికి మంచిదేనా? (భీమిలి)

మంచిది కాదండీ. ఇంత తాగితే ఫరవాలేదనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. తాగనివాళ్లు మొదలుపెట్టొద్దు. మందులు వాడుతున్నవాళ్లు డాక్టర్ మాట వినండి.

ప్రశ్న: వైజాగ్‌లో పీపా ఏల్ దొరుకుతుందా? సీసా ఏల్ ఒకటి లండన్ నుంచి మా తమ్ముడు తెచ్చాడు, అడుగున మడ్డి ఉంది. పాడైపోయిందా? (ఎంవీపీ కాలనీ)

మన ఎండలకి, ఉక్కకి పీపా ఏల్ నిలబడదు. చల్లటి నేలమాళిగ, మూడు రోజుల్లో పీపా ఖాళీ చేసే జనం, రెండూ ఉండాలి. సీసా మాత్రం పాడవలేదండీ. బ్రూవరీవాళ్లు కొన్ని ఏల్స్‌ని ఈస్ట్‌తో సహా సీసాలో పోస్తారు, లోపలే కాస్త పులుస్తుంది. ఆ మడ్డి అదే. సీసాని పడుకోబెట్టకుండా, నిలబెట్టే ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచండి. తాగడానికి అరగంట ముందు బయట పెట్టండి, మన వైజాగ్ గాలికి అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. పెద్ద గ్లాసు తీసుకుని వాల్చి పట్టుకోండి. ఏల్ గ్లాసు గోడ మీదుగా జారేట్టు, సీసాని మధ్యలో ఎత్తకుండా ఒకే ధారగా పోయండి. మడ్డి మెడ దగ్గరికి వస్తున్నట్టు కనపడగానే ఆపేయండి. ఆ చివరి గుక్కెడు తాగినా నష్టం లేదు గానీ ఏల్ మసకబారుతుంది. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండాలి, తాగాక బండి తాళాలు ముట్టుకోకూడదు. మీ తమ్ముడు ఇంకా ఊళ్లోనే ఉంటే రెండు గ్లాసులు పెట్టుకుని సగం సగం పంచుకోండి.